తల్లి రాయవలసిన పేజీ

జూలై 9, బుధవారం

కాలేజీ నుంచి కవరు వచ్చింది. చేతికి తీసుకోగానే అంటించిన చోటు చూశాను. ఒక మూల లేచి ఉంది. జిగురు తక్కువైందా, దారిలో ఎవరైనా విప్పారా?

మా అమలను ఇంటర్వ్యూకు పిలిచారు. ఈ నెల 21 నుంచి మూడు రోజులు అక్కడే ఉండాలి. పలమనేరు దాటి, బస్సు దిగి, మళ్ళీ ఆటో ఎక్కాల్సిన చోటు. మొత్తం యాభై సీట్ల మెడికల్ కాలేజీ. అందులో పన్నెండు సీట్లు, చదువయ్యాక మూడేళ్ళు వాళ్ళు పంపిన పల్లెలో వైద్యం చేస్తామని ఒప్పుకున్నవాళ్ళకు. నీట్‌లో అమలకు వచ్చిన ర్యాంకు ప్రభుత్వ సీటుకు చాలదు. పోయినేడూ చాలలేదు. మూడోసారి రాయనని తేల్చి చెప్పింది. డాక్టరంటూ అయితే ఈ పన్నెండింటిలో ఒకటి దొరకాలి. లేకపోతే లేదు.

కవర్లో ఇంకో రెండు కాగితాలున్నాయి. ఒకటి 'తండ్రి రాయవలసిన పేజీ', ఒకటి 'తల్లి రాయవలసిన పేజీ'. రెండింటి మీదా ఒకటే ప్రశ్న: మీ బిడ్డ మూడేళ్ళు మేము పంపిన చోట నిలుస్తుందని నమ్ముతున్నారా? ఉన్నది ఉన్నట్టు రాయండి. కింద అంతా ఖాళీ. ఎవరిది వాళ్ళు విడిగా రాసి, విడిగా అంటించి పంపాలి. బిడ్డకు చూపించకూడదు.

ఇదేం పద్ధతి? నమ్మడం లేదని ఏ తల్లి రాస్తుంది? రాయదని తెలిసీ అడుగుతున్నారంటే వాళ్ళు చూసేది జవాబును కాదు. మరి దేన్ని?

జూలై 13, ఆదివారం

ఈయన టీ తాగుతూ తన పేజీ పూర్తి చేశారు. చూపించకూడదన్నా వినకుండా పైకి చదివారు. "నమ్ముతున్నాను. నా బిడ్డ నాకంటే మొండిది."

"అంతేనా?" అన్నాను.

"ఇంకేం రాయాల? నమ్మినావా లేదా అని గదా అడిగినారు. నమ్మినా."

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పని ఈయనది. ఆవుకు సూది వేసినంత తేలిగ్గా నమ్మేస్తారు.

నేను మధ్యాహ్నం కూర్చున్నాను. ఒకటిన్నర పేజీ అయింది. ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయమంటే ఏమిటో నాకు తెలుసు. రాశాను. మళ్ళీ చదవకుండా అంటించాను.

జూలై 14

పోస్టు చేశాను. పడిందో లేదోనని డబ్బా నోట్లో వేళ్ళు పెట్టి తడిమాను.

జూలై 20, ఆదివారం

పేజీలు రెండే కాదు, మూడో కవరు కూడా ఉంది. మా చర్చి సంఘం పాస్టరు రాయాల్సిన లేఖ. మా పాస్టరు సుకుమార్‌గారి అక్క కొడుకు నవీన్‌కు కూడా అదే కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. అవే మూడు రోజులు. ఒకే సంఘం నుంచి ఇద్దరు, లేఖ రాసే చెయ్యి ఒకటి.

ఆరాధన అయ్యాక ఆయన తలుపు దగ్గర అందరికీ చేతులు కలుపుతుంటే వెనక నిలబడి, చివర్న అడిగాను.

"అయ్యగారూ, లేఖలు పోయినాయా?"

"పోయినాయమ్మా. ఇద్దరివీ."

"ఇద్దరికీ ఒకే మాదిరి రాసినారా?"

"ఇద్దరూ ఒకే మాదిరి బిడ్డలైతే గదమ్మా, ఒకే మాదిరి రాసేది" అని నవ్వారు.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆ మాటనే తిప్పి తిప్పి చూశాను. ఒకే మాదిరి కాకపోతే ఎవరిది ఎక్కువ? నవ్వడం దేనికి?

జూలై 23, బుధవారం

అమల వచ్చింది. ఎండకు నల్లబడింది. చెప్పులకు ఎర్రమట్టి.

"ఎట్ల జరిగింది?"

"బాగానే."

"ఏమడిగినారు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ, మా."

నేను గుచ్చి గుచ్చి అడిగితే కొంచెం కొంచెం రాలింది. మొదటి రోజు ఆసుపత్రి వరండాలు ఊడ్పించారు. రెండో రోజు నాలుగు కిలోమీటర్లు నడిపించి ఒక పల్లెకు తీసుకుపోయి, ఒక ముసలాయనకు ఎక్కడ నొప్పో మాట్లాడి తెలుసుకోమన్నారు. చెయ్యి వేసి చూడకూడదట. ఆయనకు చెవుడు. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి. మూడో రోజు లోపలికి ఒక్కొక్కర్నీ పిలిచారు. అక్కడ ఆగిపోయింది.

"మూడో రోజు ఏం జరిగింది?"

"మాట్లాడినారు."

మా అత్త ఆనందమ్మ మంచంమీద నుంచి అందుకుంది. "పోలీసోళ్ళు గూడా ఇన్ని అడగరు గదమ్మే. పిల్ల రోంత నీళ్ళు తాగనీ."

మూడో రోజు ఏదో అయింది. అవకపోతే అంత చిన్న మాటతో దాటేయదు. లోపల ఏమైనా తప్పు చెప్పిందా? వంట చేసే ఆవిడ కూడా మార్కులు వేస్తుందని ఎవరో అన్నారట. ఆవిడ దగ్గర పళ్ళెం కడగలేదేమో. కడిగావా అని అడిగాను. కడిగిందట.

పల్లె అంటే నాకు తెలియనిది కాదు. బి.ఎడ్. కాగానే పులికాట్ సరస్సు ఒడ్డున, పడవలో దాటి పోవాల్సిన బడిలో పనిచేశాను. ఉప్పుగాలి పడక ఆరోగ్యం పాడైంది. పిల్లల పరీక్షలు కాగానే వచ్చేశాను. కాబట్టి అక్కడేం అడుగుతారో నాకు తెలుసు. నాకు చెబితే సలహా ఇవ్వగలను గదా.

జూలై 27, ఆదివారం

అమల నన్ను చూస్తోంది. నేను చపాతీ వత్తుతుంటే, పేపర్లు దిద్దుతుంటే, తలెత్తేసరికి చూపు తిప్పుకుంటుంది.

ఈరోజు బట్టలు మడతపెడుతూ అడిగింది. "మా, నువ్వు నీ పేజీలో ఏం రాసినావు?"

"ఏముంటాది? అందరు తల్లులూ రాసేదే. నాలుగు మంచి మాటలు."

"సరే" అంది.

దుప్పటి నాలుగు మడతలు చేసి, విప్పి, మళ్ళీ చేసింది. ఎందుకడిగింది? వాళ్ళు ఏమైనా అన్నారా? అనకపోతే ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? అది లోపల దాచిపెట్టుకున్నదేదో ఉంది.

ఆగస్టు 2, శనివారం

మా కాలేజీలో తెలుగు చెప్పే రూపశ్రీ మేడం ఒక మాట చెప్పింది. ఆమె ఆడబిడ్డ కూతురు మూడేళ్ళ కింద అక్కడికే రాసింది. లిస్టు వేసే ముందు ఇంటికి మనిషిని పంపుతారట. చెప్పకుండా. "మామూలు మనిషి మాదిరే వస్తాడు మేడం. మంచినీళ్ళు అడగచ్చు, అడ్రసు అడగచ్చు. మనం ఎట్ల మర్యాద చేస్తామో చూసి రాసుకోని పోతాడంట."

"మీవాళ్ళింటికి వచ్చినాడా?"

"వచ్చినాడో లేదో, తెలిస్తే గదా."

అదీ నిజమే.

ఈ వారంలో మా ఇంటికి వచ్చినవాళ్ళను ఒకసారి తలుచుకున్నాను. గ్యాసాయన. కొత్తిమీర అమ్మే ఆమె. పాత పేపర్లవాడు, వాడితో బరువు దగ్గర గట్టిగానే మాట్లాడాను.

ఆగస్టు 5, మంగళవారం

వచ్చాడు.

పొడుగాటి మనిషి, మెడలో కార్డు తిరగేసి ఉంది. పేరు కనపడకుండా తిరగేసుకున్నాడు. గేటు దగ్గర నిలబడి "ఇంట్లో ఎంతమంది మేడమ్?" అన్నాడు. నలుగురమన్నాను. "ఎవరికైనా జరం, ఒళ్ళునొప్పులు?" అన్నాడు. తెలిసిపోయింది. లోపలికి రమ్మన్నాను. వద్దంటున్నా కూర్చోబెట్టి కాఫీ, మురుకులు పెట్టాను. అమలను పిలిచి, అవ్వ కాళ్ళు నొక్కమని కళ్ళతో సైగ చేశాను. అది నా మొహం, అతని మొహం చూసి, నిట్టూర్చి, పోయి కూర్చుంది.

ఆనందమ్మ అందరికీ వినపడేట్టు అంది. "నా కాళ్ళు ఎందుకు పట్తా ఉండావు మే, ఎప్పుడూ లేంది?"

"ఎప్పుడూ పట్టేదే గదా అవ్వా" అంది అమల, నన్నే చూస్తూ.

అతను నవ్వాడు. తర్వాత ఇల్లంతా చూస్తానన్నాడు. టార్చి వేసి పెరట్లో తొట్టి, వరండాలో తీగమొక్క పెట్టిన సీసా చూశాడు. "ఈ రెంట్లో పురుగుండాది. పారబోయండి మేడమ్" అన్నాడు. పోతూ గేటు పక్కన గోడమీద సుద్దతో ఏదో రాశాడు.

నేను పోయి చూశాను. పైన 4, కింద 2.

నాలుగులో రెండా? అంటే సగం మార్కులా? సీసాలో నీళ్ళు ముందే మార్చి ఉండాల్సింది.

ఆగస్టు 6

రూపశ్రీ మేడం ఇంటి గోడమీద 5, 0 అని ఉంది. వీధి పొడుగునా ఉన్నాయి అంకెలు. డెంగీ సర్వే అట. పైన మనుషులు, కింద దోమపిల్లలున్న తొట్లు.

ఈయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "పాపం కృపా, వానికి ఎన్నాళ్ళకు మురుకులు దొరికినాయో."

అయినా కార్డు ఎందుకు తిరగేసుకున్నాడు?

ఆగస్టు 11, సోమవారం

లిస్టు ఇంకా లేదు. ఫోను చేస్తే మునెయ్య అనే గుమాస్తా ఎత్తుతాడు. ఎప్పుడు చేసినా ఒకే మాట. "వస్తాది మేడమ్. రాకుండా యాడికి పోతాది?" వెనకాల ఎవరో మాట్లాడుతుంటారు, నా పేరు చెప్పగానే ఆపుతారు. లేక నాకు అట్ల అనిపిస్తుందో.

అమల ఫోనులో మాట్లాడుతూ మేడమీదికి పోతోంది. నవీన్‌తో. నేను పైకి ఎక్కేసరికి "సరే, పెట్టేస్తా" అంటుంది. నవీన్‌కు మామ ద్వారా ముందే ఏదో తెలిసి ఉండాలి.

రాత్రి అన్నం దగ్గర ఈయన, "ముగ్గురు రాసినాం గదా, పాస్టరు, నేను, నువ్వు. అందరం మంచిగా రాసినాక భయమేంది?" అన్నారు.

నాది నాలుగు వాక్యాలే. వాటితో ఏం తేలుతుంది? అసలు బరువు పాస్టరు లేఖదే.

ఆగస్టు 14

లేదు.

ఆగస్టు 15

సెలవు. అయినా ఫోను చేశాను.

ఆగస్టు 19, మంగళవారం

లిస్టు వచ్చింది. పన్నెండు పేర్లలో తొమ్మిదోది నవీన్. కింద గీత గీసి, వెయిటింగ్ అని రాసి, ఒకటో నంబరు అమల.

అమల లిస్టు రెండుసార్లు చూసి, ఫోను బల్లమీద బోర్లించి, "అవ్వకు మాత్ర టైమైంది" అని లేచింది.

ఒకే సంఘం, ఒకే పాస్టరు. ఒకరు గీతకు పైన, ఒకరు కింద. ఇంకా ఏం రుజువు కావాలి?

ఆగస్టు 20, బుధవారం

పాస్టరుగారింటికి పోయాను. వాకిట్లో స్కూటరు ముందు కూర్చుని ప్లగ్గు తుడుస్తున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా పిల్ల గురించి మీరేం రాసినారో నాకు తెలియాల అయ్యగారూ."

"చెప్పకూడదమ్మా."

"మీ నవీన్‌కు వచ్చె. మా పిల్ల గడప బయట నిలబడె. నేనేమనుకోవాల?"

ఆయన ప్లగ్గు గుడ్డలో పెట్టి, లోపలికి పోయి చేతులు కడుక్కుని ఒక ఫైలుతో వచ్చారు. "చెప్పకూడదన్నారు. చదవనియ్యకూడదని ఎవురూ అన్లేదు" అని కాగితం నా చేతికిచ్చారు. లేఖ నకలు.

'ఆరాధన అయ్యాక అందరూ పోయినంక కుర్చీలు సర్దే బిడ్డ ఈమె. సర్దుతున్నట్టు ఎవరికీ తెలియదు. ఒకరోజు నేను మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వస్తే చూశాను. ఏడాదిగా చేస్తోందని తర్వాత తెలిసింది.' ఇంకా అర పేజీ ఉంది. అంతా ఇట్లాంటిదే.

"మావాడూ సర్దుతాడు" అన్నారాయన. "మనం చూస్తా ఉంటే."

 నకలు అంచులు పరీక్షగా చూశాను. నేనొస్తానని నిన్న రాసిపెట్టుకున్నది కాదు గదా. అంచు పసుపు పట్టలేదు గానీ, మడత పాతది.

"మీరేం రాసినారమ్మా?" అన్నారు, మామూలుగా.

"ఏముంది అయ్యగారూ, సంతకం పెట్టినానంతే."

దారంతా ఆలోచించాను. పాస్టరు కాదు, ఈయనా కాదు. ఇక మిగిలింది మూడో రోజు. అమల లోపల ఏం చేసిందో అదే.

ఆగస్టు 22, శుక్రవారం

అమల వాళ్ళవ్వను కంటి డాక్టరుకు చూపించడానికి పోయింది. నేను దాని సంచి తీశాను.

రాసుకోవాలి గనక రాస్తున్నాను. ఇది మొదటిసారి కాదు. అది పదో తరగతిలో ఉండగా ఒకసారి చూశాను. అప్పుడేమీ దొరకలేదు, దొరకనందుకు ఇంకా అనుమానపడ్డాను. ఈసారి నవీన్ రాసిన ఉత్తరమో, వాళ్ళు తిట్టి పంపిన కాగితమో ఉంటుందనుకున్నాను. జువాలజీ పుస్తకంలో మడతపెట్టిన కాగితాలు రెండు దొరికాయి. విప్పాను.

నా చేతిరాత.

నా ఒకటిన్నర పేజీకి జిరాక్సు. పక్కనంతా అమల పెన్సిలు రాత. కింద ఎవరో ఇంగ్లీషులో 'పది నిమిషాలు' అని రాసి సంతకం పెట్టారు. మూడో రోజు అదే జరిగింది. నా పేజీ దాని చేతిలో పెట్టి, వాక్యం పక్కన వాక్యం జవాబు రాసి చూపించమన్నారు.

ఇరవై ఏళ్ళు వాడిన నా గుండ్రటి అక్షరాలు. ఎవరో రాసినట్టు చదివాను.

'నా కూతురు తెలివైనది. అడిగినదానికల్లా సరే అంటుంది. ఆ సరే మనసులోంచి వస్తుందో లేదో తల్లినైన నాకే తెలియదు.' పక్కన పెన్సిలుతో టిక్కు.

'రక్తానికి భయపడదు. ఒంటరితనానికి భయపడుతుంది.' టిక్కు.

'సేవ కోసం వస్తోందో, ఇంకెక్కడా సీటు రాక వస్తోందో నేను హామీ ఇవ్వలేను.' పక్కన: రెండూ.

'ఏ పనైనా మొదలుపెట్టి, కష్టం కాగానే మధ్యలో వదిలేసి వచ్చే గుణం ఉంది. మూడేళ్ళు నిలుస్తుందని నేను నమ్మలేకపోతున్నాను.' దీని పక్కన టిక్కు లేదు. ఇట్ల ఉంది: ఇది నేను కాదు.

నాలుగు మంచి మాటలు అని దానితో చెప్పింది నేనే. ఈ బట్టలు మడతపెట్టే చోటే.

కాగితాలు అదే పేజీలో పెట్టాను. గుండె పాఠం దగ్గర.

ఆగస్టు 23

పొద్దున్నుంచి గుర్తు చేసుకుంటున్నాను. అమల ఏం మధ్యలో వదిలేసింది? సంగీతం, ఆరేళ్ళు నేర్చుకుంది, పంతులమ్మ బదిలీ అయితే ఆగింది. నీట్, రెండుసార్లు రాసింది. ఈత, మునిగినా మళ్ళీ పోయింది. మరి ఆ వాక్యం ఎందుకు రాశాను? ఏదో చూసే రాసి ఉంటాను గదా. దేన్ని చూశాను?

ఆగస్టు 24, ఆదివారం

ఆరాధనకు పోలేదు. తలనొప్పి అన్నాను. ఆనందమ్మ కంట్లో చుక్కలు వేస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాను. "అత్తా, అమల ఏదైనా పని మధ్యలో వదిలేసి వచ్చిందా ఎప్పుడన్నా?"

"అదా? అది వదిలేది గాదు. పట్టిందంటే జలగే." చుక్క కిందికి కారింది, కొంగుతో తుడుచుకుంది. "వదిలేసి వచ్చింది నువ్వు గదమ్మే. ఆ సెరువు కాడ బడి. పిల్లని సూసేదానికి వచ్చినప్పుడు మీ నాయనే సెప్పినాడు. 'మా బిడ్డ మూణ్ణెల్లకే పారొచ్చింది, మీ ఇంట్లోనన్నా నిలుస్తాదో లేదో సూసుకోండి' అని. మేం నవ్వుకున్యాం. ఆ కంట్లో రెండు సుక్కలు పడ్న్యాయి, ఈ కంట్లో ఎయ్యి."

వేశాను.

పై పేజీలు తిప్పి చూసుకున్నాను. జూలై 23న ఇక్కడే రాశాను, ఉప్పుగాలి పడలేదని, పరీక్షలయ్యాక వచ్చానని. నా డైరీలో, నాకోసం రాసుకున్న డైరీలో.

ఉప్పుగాలి బాగానే పడింది. జబ్బేమీ లేదు. సాయంత్రం పడవ పోయాక ఆ ఊళ్ళో నేను ఒక్కదాన్నే చదువుకున్నదాన్ని, ఒక్కదాన్నే పెళ్ళికానిదాన్ని. మాట్లాడేందుకు మనిషి లేదు. ఫిబ్రవరిలో ఒక శనివారం బీరువా తాళం, హాజరు పట్టీ కిటికీలో పెట్టి, పడవెక్కాను. పరీక్షలకు ఇంకా నెల ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు పదకొండు మంది. హెడ్‌మాస్టరు రెండు ఉత్తరాలు రాశాడు. విప్పలేదు.

అమల గురించి అడిగితే నా గురించి రాసిచ్చాను.

ఆగస్టు 25, సోమవారం

అమల మేడమీద బట్టలు తీస్తోంది. ఒక చివర నేను పట్టుకున్నాను.

"నీ సంచి చూసినా" అన్నాను.

"తెలుసు. పుస్తకం తలకిందులుగా పెట్టినావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమో అని. నెల అయింది." చీర కొస నా చేతికిచ్చింది. "నాలుగు మంచి మాటలు అన్నావు గదా, ఆరోజు ఎంత కోపమొచ్చిందో. రాసినందుకు గాదు."

"వాళ్ళు ఏమన్నారు? అది చదివినాక?"

"నవ్వినారు. మీ అమ్మ నిన్ను నమ్మదా అని అడిగినారు. మా అమ్మ గ్యాసాయన్ను గూడా సిలిండరు తూకం వేసి గానీ నమ్మదు సార్ అని చెప్పినా."

నేను నవ్వలేదు. అది నవ్వింది, ఆపేసింది.

"నవీన్‌తో రోజూ ఏం మాట్లాడతావు?"

"వానికి కర్నూల్లో ప్రభుత్వ సీటు వచ్చేట్టు ఉండాది. వస్తే ఇది వదిలేస్తాడు. నీకు చెప్తే రోజూ వాళ్ళింటికి పోయి అడుగుతావని చెప్పలా."

పోయేదాన్నే.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి నవీన్ ఫోను. కర్నూలు ఖాయం. పదకొండుకు మునెయ్య ఫోను.

"మేడమ్, ఒకటి ఖాళీ అయింది. రేపు పన్నెండు లోపల రావాల. పాపతోబాటు మీరు తప్పకుండా రావాలని మా ప్రిన్సిపాలు డాక్టరమ్మ చెప్పినారు. సారు రాకపోయినా పర్లేదంట."

"నేనెందుకు?"

"నాకేం తెల్సు మేడమ్. తల్లి రావాల, తల్లి పేజీ చూడాల అన్నారు."

ఆగస్టు 30, శనివారం

ఆరింటి బస్సు. పలమనేరు దాటాక అమల నిద్రపోయింది. నేను మనసులో కొత్త పేజీ రాసుకుంటూ పోయాను. నమ్ముతున్నాను, నా బిడ్డ మొండిది, ఈయన రాసినట్టే. కొట్టి మళ్ళీ రాసుకున్నాను.

మునెయ్య అనుకున్నంత పెద్దవాడు కాదు. అడగకుండా ఉండలేక అడిగాను. "లిస్టుకు ముందు ఇండ్లకు మనుషుల్ని పంపుతారంట గదా?"

"ఎవుర్ని పంపుతాం మేడమ్? మాకు అంబులెన్సుకే డ్రైవరు లేడు. డాక్టరమ్మే తోలుకుంటాది." తర్వాత అన్నాడు, "మీరు రాసి పంపింది చాలదా?"

డాక్టరమ్మకు అరవై దాటి ఉంటాయి. రబ్బరు చెప్పులు. బల్లమీద అసలు పేజీ ఉంది, జిరాక్సు కాదు. నా నీలం సిరా.

"నలభై మంది తల్లులు రాసినారమ్మా. ముప్ఫై తొమ్మిది మంది రాసింది చదివేదానికి గంట పట్టలేదు. మీదొక్కటే మూడుసార్లు చదివినాం" అంది. "ముందు రోజుల్లో ఇట్లాంటి పేజీ వస్తే ఆ పిల్లను వదిలేసేవాళ్ళం. ఇప్పుడు పిల్ల చేతికే ఇస్తా ఉండాం. ఈమె జవాబు బాగుండాది. కానీ ఒక చోట మీరొకటి అంటారు, ఆమె ఒకటి అంటాది. ఎవురిది నమ్మాలో తెలీక గీత కింద పెట్టినాం." పేజీ నా వైపు తిప్పింది. "కొత్తది రాయనియ్యను. ఇందులో కొట్టేయాల్సింది ఉంటే కొట్టేసి సంతకం పెట్టండి. లేదంటే ఇట్లే ఉండనీండి. ఇట్లే ఉంటే, వెయిటింగులో రెండో పేరుకు ఫోను చేస్తా."

అమల కిటికీలోంచి బయట ఎవరో ముసలామెను మోసుకొస్తుంటే చూస్తోంది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో మెడ నరం చెబుతోంది.

బస్సులో రాసుకున్నదంతా పోయింది. మొత్తం కొట్టేయాలనిపించింది, పై నుంచి కింది దాకా ఒకటే గీత. అట్ల కొట్టేస్తే ఆమె నమ్మదు. నేనైనా నమ్మను.

అమల టిక్కు పెట్టని రెండు వాక్యాల మీద గీత గీశాను. ఏ పనైనా మొదలుపెట్టి దగ్గర్నుంచి, నమ్మలేకపోతున్నాను దాకా. పక్కన సంతకం పెట్టాను. సంతకం నాది మాదిరి రాలేదు.

"ఎందుకు కొడతా ఉండారు?" అంది డాక్టరమ్మ.

"అది నేను మేడమ్. ఈ అమ్మాయి కాదు. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక బడి వదిలేసి వచ్చినాను. ఎవరికీ చెప్పకుండా."

కిటికీ దగ్గర అమల తల తిరిగింది.

"మిగతావి?"

"అవి నిజమే."

ఆమె పేజీ తీసి ఫైల్లో పెట్టింది. "సరే" అని మునెయ్యను కేకేసి, అమల కాగితాలు తెమ్మంది.

రాసుకోవలసిన ఇంకో సంగతి. నేను గీత గీసిన కలం ఆమెదే. నేను కూర్చునే ముందే మూత తీసి, నా వైపు పెట్టి ఉంది. కొట్టేస్తానని ముందే తెలుసా ఆమెకు? అందరికీ అట్లే పెడుతుందా? బస్సులో అమలను అడిగాను.

"ఏమో మా" అంది. పొట్లంలో చెనిక్కాయలు సగం నా ఒళ్ళో పోసింది. కాసేపటికి, "మిగతావి గూడా కొట్టేసి ఉండచ్చు గదా?" అంది.

"నువ్వే టిక్కు పెట్టినావు గదా."

"పెట్టినాలే."

తర్వాత అడిగింది, ఆ బడి ఎక్కడని. పులికాట్ దగ్గరని, పడవ ఎక్కి పోవాలని చెప్పాను. పదకొండు మంది పిల్లల పేర్లు చెప్పమంది. ఏడు గుర్తొచ్చాయి.

సెప్టెంబరు 5, శుక్రవారం

రేపు దింపి రావాలి. ఈయన సెలవు పెట్టారు. ఆనందమ్మ ఊరుబిండి సీసాకు గుడ్డ కట్టింది, నేను కట్టింది వదులుగా ఉందట.

అమల పెట్టె నేనే సర్దాను. దుప్పటి, టార్చి, బట్టల సబ్బులు నాలుగు, అవ్వ సీసా. పక్క అరలో, అక్కడినుంచి మా చిత్తూరు వచ్చే బస్సుల టైములన్నీ రాసిన చీటీ పెట్టాను. మూత వేశాను. మళ్ళీ తెరిచి, చీటీ తీసేశాను.